తలకట్టు తుడిస్తే వినపడే ఇంగ్లిష్

పోయినేడాది మే నెలలో ఒక సాయంత్రం మా పాప సోఫాలో కూర్చుని బొమ్మల పుస్తకం గడగడా చదువుతోంది. ఎల్‌కేజీ అయిపోయి నెల రోజులైంది. "దిస్ ఈజ్ ఎ హెన్. దిస్ ఈజ్ ఎ పిగ్" అంటూ లైన్ కింద వేలు పెట్టి మరీ చదువుతుంటే వంటింట్లోంచి విని మురిసిపోతున్నాను. ఉన్నట్టుండి ఆగి, "అమ్మా, పిగ్ ఏది?" అని అడిగింది. వెళ్ళి చూస్తే వేలు మేక బొమ్మ కింద ఉంది. మధ్యాహ్నం తిన్న మామిడిపండు రసం అంటి రెండు పేజీలు అతుక్కుపోయాయి. పంది బొమ్మ ఆ రెండింటి మధ్యలో ఇరుక్కుంది. అక్షరాల మీద వేలు నడుస్తూనే ఉంది, నోరు మాత్రం బట్టీ పట్టిన పాఠం అప్పజెబుతోంది.

పలక తెచ్చి పి-ఐ-జి అని రాసి చూపించాను. "పి, ఐ, జి" అని తడుముకోకుండా చెప్పింది. అన్నీ కలిపితే ఏమవుతుంది అంటే నా మొహంలోకి చూసింది. జవాబు పలక మీద కాకుండా నా మొహంలో ఉంటుందని వెతికే ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. రెండేళ్ళు బడికి పంపాం, ఇరవై ఆరు అక్షరాలూ నేర్చుకుంది, రైమ్స్ పాడుతుంది. కానీ చదవడం అనే పని ఒకటి ఉందని తనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరిలో నేనూ ఉన్నాను.

నేను చదివింది సూర్యాపేట దగ్గర పల్లెలో, తెలుగు మీడియంలో. ఇప్పుడు హైదరాబాద్ హబ్సిగూడలో ఉంటూ ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాస్తాను, అవసరమైతే మాట్లాడతాను. అయినా పాప ముందు ఇంగ్లిష్ పుస్తకం తెరవాలంటే లోపల ఒక బెరుకు. నా ఉచ్చారణ దానికి అంటుకుంటుందేమో, రేపు క్లాసులో ఎవరైనా నవ్వుతారేమో అని టెన్షన్. నాలాంటి అమ్మలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూస్తే తెలుస్తుంది. "మంచి ఫోనిక్స్ క్లాస్ ఎక్కడుంది" అని నెలకొకరైనా అడుగుతారు. ఫోనిక్స్ అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుంటూ చదవడం నేర్పే పద్ధతి. 2022-23 నుంచి తెలంగాణలో మన ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అంటే ఈ బెరుకు ఇప్పుడు ఇళ్ళల్లో పనికి వెళ్ళే అమ్మకూ, ఆటో నడిపే నాన్నకూ కూడా ఉంది. వాళ్ళకు క్లాసులకు కట్టే డబ్బులు ఉండవు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళను, వాళ్ళ పక్కింటివాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. తెలుగు చదవడం వచ్చిన ఏ ఇంట్లోనైనా పిల్లలకు ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టించవచ్చు. దానికి కావలసిన సరుకు చాలావరకు ఇంట్లోనే ఉంది.

నాకు ఆ సంగతి తెలిసేలోపు పన్నెండు వేలు కట్టాను. జూన్‌లో ఒక ఫోనిక్స్ క్లాసులో చేర్చాం, వారానికి మూడు రోజులు, రెండు నెలలు. రంగురంగుల కార్డులు, పాటలు, చివర్లో ఒక సర్టిఫికెట్. పాప ఇష్టంగానే వెళ్ళింది. ఇంటికొచ్చి కార్డులు చూపిస్తూ "కఅ, అఅ, పఅ" అనేది. కలుపు తల్లీ అంటే "కఅఅఅపఅ" అనేది. ఎన్నిసార్లు కలిపినా అది కప్పు కాలేదు. తనకు ఏడుపొచ్చేది, నాకు కోపం వచ్చేది. ఆ టీచరమ్మ మంచి పిల్ల, ఓపిక గల పిల్ల. తనకు నేర్పినవాళ్ళే ప్రతి శబ్దానికీ చివర ఒక "అ" తగిలించి నేర్పారు. ఆ తోకతో శబ్దాలు ఒకదానికొకటి అతకవని అప్పటికి నాకూ తెలియదు.

బతుకమ్మ సెలవులకు మా అమ్మ వచ్చింది. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పేపరు మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా వదలదు. ఒకరోజు పొద్దున పాప నేల మీద కార్డులు పరుచుకుని "సి, ఎ, టి, క్యాట్" అంటుంటే పూలు సర్దుకుంటున్న అమ్మ తలెత్తి, "సీ ఏ టీ అంటే సీయేటీ అయితది గని క్యాట్ ఎట్లయితదే?" అంది.

ఇంగ్లిష్‌లో అక్షరం పేరు వేరు, పలుకు వేరు అమ్మా అన్నాను.

"గట్లయితే పలుకే ముందుగాల చెప్పరాదు? పేరుతోటి పిల్లకేం పని?"

నేను ఆ మాటకు ఆగిపోయాను. తెలుగులో "ప" అనే అక్షరం పేరూ "ప"నే, పలుకూ "ప"నే. అందుకే అమ్మకు ఆ ప్రశ్న అంత సూటిగా తట్టింది. ఇంగ్లిష్ అక్షరాల పేర్లు మూడు రకాలు. బి, డి, పి, టి లాంటివాటిలో శబ్దం ముందుంటుంది. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్‌లలో శబ్దం చివర ఉంటుంది. డబ్ల్యూ, వై పేర్లలో అవి చేసే శబ్దం అసలు వినపడదు. సి పేరులో స్ ఉంది గానీ క్యాట్‌లో అది చేసేది క్ శబ్దం. నాలుగేళ్ళ పిల్లకు ముందు పేర్లన్నీ వల్లె వేయించి, ఆ తర్వాత పేర్లు మరిచిపోయి శబ్దాలు పలకమంటున్నాం.

తర్వాత అమ్మ చేసింది నేను రోజూ గుర్తుచేసుకుంటాను. పలక ఒళ్ళో పెట్టుకుని పెద్దగా "క" రాసింది. "ఇదేంది?" అంటే పాప "క" అంది. అమ్మ చూపుడువేలు నాలుక మీద తడి చేసుకుని, క మీది తలకట్టు ఒక్కటే తుడిచింది. ఆ జాగాలో పొల్లు పెట్టింది. "గిప్పుడు క కాదు. తలకట్టు పోయింది, దాంతోటి అ పోయింది. క్. గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు ఆగాలె. అను." పాప "క్" అంది. రెండోసారి ఇంకా పొట్టిగా "క్" అంది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. దాని పక్కనే అమ్మ "ప" రాసి, తలకట్టు తుడిచి "ప్" చేసింది.

అప్పుడు నాకు తట్టింది. రెండు పొల్లుల మధ్యలో కొంచెం జాగా వదిలి, పైన ఇంగ్లిష్‌లో సి-యు-పి రాశాను. సి కింద క్, పి కింద ప్. మధ్యలో యు కింద ఏం రావాలి? నేనేమీ చెప్పలేదు. పాప కాసేపు చూసి, అమ్మమ్మ తుడిచేసిన తలకట్టును తన బలపంతో యు కింద గీసింది. "అ పోయింది గదా, ఇక్కడికొచ్చింది" అంది. క్, అ, ప్. కప్. "కప్! టీ కప్!" అని లేచి వంటింట్లోకి పరిగెత్తింది.

పన్నెండు వేలకు దొరకనిది ఆ పలక మీద దొరికింది. కానీ అదేదో మాయలా చెబితే మీకు పనికిరాదు కాబట్టి, అక్కడ ఏం జరిగిందో కొంచెం విడమరిచి చెబుతాను.

తెలుగు పిల్లల చెవికి మాటలో అతి చిన్న ముక్క అక్షరం. "పలక" అంటే ప, ల, క అని చప్పట్లు కొట్టి విడగొట్టగలరు. కానీ "ప" లోపల ప్, అ అని రెండు శబ్దాలు ఉన్నాయని వాళ్ళకు వినపడదు, ఎందుకంటే మన రాత ఆ రెండింటినీ ఒకే గుర్తులో కలిపేసింది. తెలుగుకు తోబుట్టువు లాంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది. అక్షరాల స్థాయిలో చెవి ముందే తెరుచుకుంటుంది, అంతకంటే చిన్న శబ్దాలు విడిగా వినపడడానికి ఇంకా సమయం పడుతుంది. ఇంగ్లిష్ రాత మొత్తం ఆ చిన్న శబ్దాల మీదే నడుస్తుంది. ఇరవై ఆరు అక్షరాలతో సుమారు 44 శబ్దాలు రాయాలి వాళ్ళు. కాబట్టి మన పిల్లలు దాటాల్సిన గట్టు ఒకటి ఉంది, అక్షరం నుంచి శబ్దానికి. ఆ గట్టు దాటడానికి తెలుగులోనే రెండు మెట్లు ఉన్నాయి. ఒకటి పొల్లు, రెండోది గుణింతం. క, కా, కి, కీ అని వల్లిస్తున్నప్పుడు పిల్లలు చేసేది అదే, క్ కదలకుండా ఉంటుంది, అచ్చు మారుతుంటుంది. పిన్, పెన్, ప్యాన్ అని ఇంగ్లిష్‌లో చేయించే కసరత్తు దీనికి చెల్లెలే. గుణింతం పాతకాలపు చదువు అని పక్కన పెట్టేసి, అదే పనికి డబ్బులు కట్టి బయటికి పంపుతున్నాం.

మన తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగియడం మనకు అలవాటు, అందుకే ఇంగ్లిష్ మాటలను కూడా బస్సు, కారు, రోడ్డు, స్కూలు అని మనవిగా చేసుకున్నాం. అందులో తప్పేమీ లేదు, మాట్లాడేటప్పుడు అలాగే మాట్లాడండి. చదివించే ఆ పది నిమిషాలు మాత్రం చివరి "ఉ"నీ, మధ్యలో దూరే "అ"నీ గుమ్మం బయట ఉంచాలి. స్, మ్, న్, ఫ్, ల్ శబ్దాలను సాగదీయవచ్చు, "స్స్స్స్" అని ఊపిరి ఉన్నంతసేపు అనవచ్చు. వాటితో మొదలుపెడితే అతకడం తేలిక. ప్, ట్, క్ సాగవు, పొట్టిగా తెంచేయాలి. ఉచ్చారణ గురించి నేను పట్టించుకునేది ఇంతే. వి, డబ్ల్యూ రెండింటికీ మనకున్నది ఒకటే వ. ఆ తేడా వినడం తర్వాత వస్తుంది, రాకపోయినా చదువు ఆగదు.

ఒక్క శబ్దానికి మాత్రం తెలుగు రాత సరిపోదు, క్యాట్‌లో మధ్యనున్న అచ్చు. మనం దానికి "యా" అని రాసుకుంటాం గానీ అక్కడ య లేదు. నేను పాపకు పిల్లి అరుపు గుర్తుచేశాను. మ్యావ్ అన్నప్పుడు నోరు ఎలా వెడల్పుగా తెరుచుకుంటుందో అద్దంలో చూపించాను. ఎ అక్షరం కనిపిస్తే పిల్లి నోరు పెట్టాలి అన్నది మా ఇంట్లో గుర్తు. వారం రోజులు ఇల్లంతా మ్యావ్‌లే.

శబ్దాలతో చదువు నేర్పడం మేలా, మాటను మొత్తంగా చూపించి గుర్తుపట్టించడం మేలా అన్న గొడవ ఇంగ్లిష్ దేశాల్లో చాలా పాతది. 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు చదవడాన్ని ఒక ఊహించే ఆటగా వర్ణించాడు. బొమ్మ చూసి, సందర్భం చూసి, మొదటి అక్షరం చూసి మాట ఊహించమని పిల్లలకు నేర్పే పద్ధతి ఆ ఆలోచనతో బాగా పాకింది. మా పాప మేక పేజీ మీద పందిని చదివింది కూడా అటువంటి చదువే. తర్వాత 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను వడపోసి, క్రమపద్ధతిలో ఫోనిక్స్ నేర్పితే పిల్లలకు మేలు జరుగుతోందని చెప్పింది. 2006లో ఇంగ్లండ్‌లో జిమ్ రోజ్ ఇచ్చిన నివేదిక కూడా అదే దారి చూపింది. 2012 నుంచి అక్కడ ఇయర్ వన్ తరగతి పిల్లలందరికీ 40 మాటల పరీక్ష పెడుతున్నారు. అందులో 20 మాటలకు అర్థమే ఉండదు, ఉత్తుత్తి మాటలు. అసలు లేని మాటను బట్టీ పట్టడం కుదరదు కదా, శబ్దాలు కలపగలిగితేనే చదవగలరు. నేను కూడా వారానికోసారి పలక మీద నాలుగు ఉత్తుత్తి మాటలు రాస్తాను. నెప్, సాన్, టిస్ అని చదివి పాప పగలబడి నవ్వుతుంది. మేక పేజీ మోసం మళ్ళీ జరగకుండా నేను పెట్టుకున్న కాపలా అది.

అయితే ఆ దేశాల పద్ధతిని ఉన్నదున్నట్టుగా తెచ్చుకుంటే మన ఇంట్లో ఒకచోట ఆగిపోతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదనే నేను ఇదంతా రాస్తున్నాను. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను శబ్దంగా మార్చడం ఒకటి, ఆ భాష వింటే అర్థం కావడం ఇంకొకటి. రెండింటినీ గుణించాలి. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. లండన్ పిల్ల పి-ఇ-జి అని కలిపి "పెగ్" అనగానే దానికి బట్టలు ఆరేసే క్లిప్పు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాట రోజూ విన్నది. మా పాప అదే మాటను అంతే చక్కగా కలిపింది, కానీ ఏమీ కనిపించలేదు. ఆ ఫోనిక్స్ పుస్తకాల్లో డెన్, హట్, మాప్, వెట్, జిగ్ అని బోలెడు మాటలు ఉంటాయి. మన పిల్లలకు అవి ఉత్తుత్తి మాటలతో సమానం. ఇంత కష్టపడి కలిపినా అవతల ఏమీ లేకపోతే పిల్లలు రెండో రోజు ఎందుకు కలుపుతారు?

ఒక ఆదివారం కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మనం తెలుగులో మాట్లాడుతూ వాడే ఇంగ్లిష్ మాటల్లో, మొదటి శబ్దాలతోనే చదవగలిగేవి ఎన్ని ఉన్నాయో రాద్దామని. పెన్, పిన్, కప్, మగ్, జగ్, టబ్, బెడ్, బ్యాగ్, ఫ్యాన్, గ్యాస్, జిప్, నట్, బస్. వీటన్నింటిలో మూడే అక్షరాలు, మూడే శబ్దాలు. ఆ తర్వాత లిఫ్ట్, మిల్క్, ల్యాంప్, టిఫిన్, బాస్కెట్. నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది ఎక్కడంటే, హెల్మెట్, డస్ట్‌బిన్, ల్యాప్‌టాప్, ప్లాస్టిక్, ట్రాఫిక్ కూడా ఈ కోవలోవే. చూడ్డానికి పొడుగ్గా ఉంటాయి గానీ ఎడమ నుంచి కుడికి ఒక్కో శబ్దం కలుపుకుంటూ పోతే దారిలో ఎక్కడా గుంత లేదు. హెల్మెట్ అన్న మాటను యూకేజీ పిల్ల తనంతట తాను చదివి, గోడకు వేలాడుతున్న నాన్న హెల్మెట్ వైపు చూసిందంటే, అక్కడ గుణకారంలో రెండు అంకెలూ ఉన్నట్టే. ఆ రోజు నలభై మాటలు దాటాయి. మీ ఇంట్లోనూ అన్నే ఉంటాయి. షాపులో కొన్న ఏ మొదటి పుస్తకమూ మా పాపకు ఈ కాగితం అంత ఉపయోగపడలేదు.

చదవడం అంటే ఏమిటో తనకు ముందుగా తెలిసింది మాత్రం తెలుగులో, అదీ ఇడ్లీ బండి దగ్గర. దసరా తర్వాత అమ్మ ఇంకో పది రోజులు ఉండి పాపకు ర, గ, డ, ప, వ, త, ల, క, అ నేర్పింది. అన్నీ ఒకేసారి కాదు, రోజుకొకటి. గుణింతాలు, వత్తులు లేని మాటలతోనే నడిపింది. తల, వల, గడప, పడవ, పలక. (అందరం మొదట నేర్పే "అమ్మ"లో మ వత్తు ఉంటుంది. అది పిల్లలు కూడబలుక్కుని చదివేది కాదు, బొమ్మలా గుర్తుపెట్టుకునేది.) ఒక పొద్దున మా వీధి మలుపులో టిఫిన్ బండి ముందు నిలబడ్డాం. రేకు మీద ఎర్ర రంగుతో ఇడ్లీ, వడ, దోశ అని రాసి ఉంది. పాప మధ్య మాట మీద చూపు నిలిపి, పెదాలు కదిలించి, "వ... డ... వడ! అమ్మా, వడ అని రాసిండ్రు!" అని అరిచింది. వడలు వేస్తున్నాయన కూడా చేతిలో చిల్లుల గరిటె ఆపి నవ్వాడు. ఒక రాత లోపల తనకు తెలిసిన, తను తినే వడ ఉంది. అది తనకు ఎవరూ చెప్పలేదు, తనే తీసింది.

ఆ తర్వాత మూడు వారాలకు ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. ముందున్న లారీ వెనక పెద్ద అక్షరాలతో ఎస్-టి-ఓ-పి. బండి మీద నా ముందు నిలబడ్డ పాప "స్స్... ట్... ఆ... ప్" అని లోపల్లోపల అనుకుని, గట్టిగా "స్టాప్" అంది. వడకు చేసిన పనే ఇంగ్లిష్‌కు చేసింది. తెలుగు పక్కన పెడితే ఇంగ్లిష్ త్వరగా వస్తుందని నమ్మేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. తెలుగులో మాట విప్పితే లోపల అర్థం తప్పకుండా దొరుకుతుంది, ఎందుకంటే ఆ మాట పిల్లకు ముందే తెలుసు. అలా నాలుగుసార్లు దొరికాక ఇంగ్లిష్ మాట దగ్గర కూడా వదలకుండా వెతుకుతుంది.

"రెండు లిపులు కలిపి నేర్పితే కన్ఫ్యూజ్ అవరా?" అని పక్కింటి అక్క అడిగింది. మా పాప ఇంగ్లిష్ అక్షరాన్నీ తెలుగు అక్షరాన్నీ ఎప్పుడూ కలగలపలేదు. ఇంగ్లిష్‌లో బి, డి చిన్న అక్షరాలు తారుమారు చేసింది, తెలుగులో ప, వ తారుమారు చేసింది. ఏ లిపిలో పోలికలు ఆ లిపిలోనే. ఈ ఊరి పిల్లలు మెట్రో స్టేషన్ బోర్డు మీదే ఒక పేరును ఒకటికి మించిన లిపుల్లో చూస్తూ పెరుగుతారు. ఇంగ్లిష్ కింద తెలుగు రాసుకోవడం మాత్రం ఊతకర్రలా కొన్ని వారాలే వాడాలి. శబ్దం చెవికి అలవాటవగానే పొల్లులు తుడిచేశాను. లేకపోతే పిల్లలు పైన ఇంగ్లిష్ వదిలేసి కింద తెలుగే చదువుకుంటారు.

తెలుగు తేలిక అని కూడా నేను అనను. పలికినట్టే రాస్తాం, నిజమే. కానీ గుర్తులు వందల్లో ఉన్నాయి. త, న, మ, య, ర, ల వత్తులు వాటి అసలు అక్షరాల్లా ఉండనే ఉండవు. రెండో తరగతి దాటినా వత్తుల దగ్గర తడబడటం సహజం. ఇంగ్లిష్ గుర్తులు తక్కువ, మెలికలు ఎక్కువ. తెలుగు మెలికలు తక్కువ, గుర్తులు ఎక్కువ. రెండింటికీ ఓపిక కావాలి.

బడి నుంచి ప్రతి శుక్రవారం "సైట్ వర్డ్స్" అని పది మాటల కాగితం వస్తుంది, చూసి గుర్తుపట్టేలా బట్టీ పట్టించమని. ఇలాంటి జాబితాల్లో పేరున్నది ఎడ్వర్డ్ డోల్చ్ 1936లో తయారుచేసిన 220 మాటలది. ఆ జాబితా తెరిచి చూడండి. క్యాన్, డిడ్, గెట్, రన్, బిగ్, రెడ్, టెన్, సిక్స్. ఇవన్నీ శబ్దాలు కలిపితే వచ్చేసేవే. వీటిని బట్టీ పట్టించడం అంటే వచ్చిన విద్యను పక్కన పెట్టించడం. నేను ఆ కాగితం తీసుకుని కలిపితే వచ్చేవాటిని ఒకవైపు, మొండివాటిని ఒకవైపు వేరు చేస్తాను. ది, వాజ్, సెడ్, వన్ లాంటివి మొండివి. అందులోనూ మాట మొత్తం మొండి కాదు. సెడ్‌లో ఎస్, డి బుద్ధిగా పలుకుతాయి, మధ్యలో ఎ-ఐ ఒక్కటే మాట వినదు. ఆ ముక్క కింద ఎర్ర గీత గీస్తాం, అది గుర్తుపెట్టుకోవాలి, మిగతాది చదువుకోవాలి.

"మరి నైట్‌లో కె ఎందుకు?" అని మొన్న అడిగింది. కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ కింద కె-ఎన్-ఐ-జి-హెచ్-టి అని ఉంది. పాతకాలంలో ఆ కె నిజంగానే పలికేవాళ్ళు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడిపోయాయి, పలుకు మాత్రం మారుతూ పోయింది. నోరు మానేసింది, చెయ్యి మానలేదు అని చెప్పాను. మన దగ్గర అరసున్న కూడా ఒకప్పుడు రాసేవాళ్ళు, పలకడం పోయాక రాయడమూ మానేశాం. ఆ మాట అమ్మకు ఫోన్లో చెబితే చాలా సంతోషపడింది.

మేం రోజుకు కూర్చునేది పది నిమిషాలు, రాత్రి అన్నం తిన్నాక. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్, ప్యాన్ లాంటి మాటలు బోలెడు వస్తాయి. వారానికి మూడు శబ్దాలు. నిద్ర వస్తే ఆ రోజుకు వదిలేస్తాం. అసలు సాధన వంటింట్లో జరుగుతుంది, పుస్తకం లేకుండా. "ఆ మ్... అ... గ్ ఇటియ్యి" అంటే మగ్గు తెచ్చిస్తుంది. చెవికి కలపడం రాని పిల్ల కంటికి కలపలేదు కాబట్టి ఈ ఆట ఎన్ని రోజులు ఆడినా వృథా కాదు. పడుకునే ముందు కథ మాత్రం తెలుగులోనే, నేనే చదువుతాను, అందులో అక్షరాలు అడగను. గుణకారంలో రెండో అంకె పెరిగేది అక్కడ. తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళవి కొన్ని కొన్నాం, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్ని దొరికాయి, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దొరికితే ముందు తెలుగులో చెప్పి, రెండు రోజులాగి ఇంగ్లిష్‌ది తెరుస్తాను.

ఇంత చేసినా రాని పిల్లలు ఉంటారు. మా బంధువుల్లో ఒక బాబు మూడో తరగతికి వచ్చినా మూడు శబ్దాలు కలపలేక పెద్దల చేత దెబ్బలు తిన్నాడు. తర్వాత తేలింది వాడిది బద్ధకం కాదని, డిస్లెక్సియా అనే చదవడంలో ఇబ్బంది అని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన ఇబ్బందులు కూడా ఉన్నాయి, పరీక్షల్లో వెసులుబాట్లు ఉన్నాయి. ఏడాది పాటు ఓపికగా నేర్పినా అడుగు పడకపోతే ముందు చెవులు, కళ్ళు చూపించండి, ఆ తర్వాత ఇలాంటి పిల్లలకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి వెళ్ళండి. కొట్టకండి. ఆ బాబు ఇప్పటికీ పుస్తకం చూస్తే భుజాలు ముడుచుకుంటాడు.

ఈ నెలలో మేం చివర పలకని "ఇ" దగ్గర ఉన్నాం, వెనక్కి వెళ్ళి అచ్చును సాగదీసే ఇ. దీనికీ ఇంట్లో మాటలు దొరికాయి. కేక్, ప్లేట్, టేప్, బైక్, టైమ్, నోట్, ట్యూబ్. కాగితం మీద బాగానే చదువుతోంది. నిన్న సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే మా అపార్ట్‌మెంట్ ముందు ఆగింది. గేటుకు అడ్డంగా బండి పెట్టొద్దనే నో పార్కింగ్ బోర్డులో చివరి మాట మీద చూపు పెట్టి "గ్యాట్" అంది. తల అడ్డంగా ఊపుకుంది. వేలితో చివరి ఇ మీద తట్టి, అక్కడి నుంచి ఎ మీదికి గీత గీసినట్టు గాలిలో గీసి, "గే... ట్" అంది. సంచీ నా చేతికిచ్చి, రెండు చేతులతో గేటు తోసింది.